చేను పడిపోయిన రోజున చేతిలో ఉండాల్సినవి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నాలుగెకరాలు కౌలుకు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దివిసీమలో వరి వేసినవాడికి అక్టోబరు, నవంబరు నెలల్లో నిద్ర ఉండదు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నాకు పన్నెండేళ్లు. అప్పటి నుంచి మొన్నటి మొంథా దాకా ఎన్ని తుపాన్లు చూశానో. పంట పోయాక పరిగెత్తితే పరిహారం రాదురా. దానికి కావలసిన పని నాట్ల నాడే మొదలుపెట్టాలి.

ముందు కౌలు కార్డు, అంటే ఆ పొలం సాగు చేసేది నువ్వేనని ఆసామి సంతకంతో ఇచ్చే పత్రం. ఆసామి సంతకం పెట్టడానికి భయపడతాడు. ఆ పత్రం 11 నెలలకే చెల్లుతుందని, దానివల్ల భూమి మీద నీకు ఏ హక్కూ రాదని 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలోనే ఉంది. ఆ మాట నెమ్మదిగా చెప్పు. ఒక ఏడు నేను మొహమాటపడి కార్డు అడగలేదు. పెట్టుబడి నాది, అప్పు నాది. చేను నేలకొరిగాక డబ్బు మాత్రం ఆసామి ఖాతాలో పడింది. ఆ బాధ నీకు వద్దు.

నాట్లు అయ్యాక ప్రభుత్వం పంటల వివరాలు రాసుకునే ఈ-పంటలో నీ పేరుతో నమోదు చేయించు. చేలో ఫొటో తీశారు కదా అని ఊరుకోకు, రైతు సేవా కేంద్రంలో నీ వేలిముద్ర కూడా పడాలి. సర్వే నంబరు, విస్తీర్ణం దగ్గరుండి చదువుకో.

తుపాను వెళ్లిన మర్నాడే చేలో దిగు. నీళ్లు బయటికి తీసెయ్, అందులో ఆలస్యం వద్దు. కోత మాత్రం నష్టం రాసుకునేవాళ్లు వచ్చేదాకా ఆపు. ఆగలేని పరిస్థితైతే తేదీ, చోటు పడేలా ఫొటోలు తీసి, రైతు సేవా కేంద్రంలో కాగితం మీద రాసిచ్చి కొయ్యి. పడిపోయిన వరి గట్టు మీద నుంచి చూస్తే బంగారంలా పండినట్టే ఉంటుంది. అడుగున చెయ్యి పెట్టి ఒక కంకి ఎత్తి చూడు. నాలుగు రోజులు నానితే గింజలకు సూదిమొనలా తెల్లటి మొలక వచ్చి ఉండొచ్చు. ఆ కంకి తుంచి వచ్చినవాళ్ల అరచేతిలో పెట్టు. 33 శాతం, ఆ పైన నష్టం ఉందని వాళ్లు రాస్తేనే నీ పేరు లెక్కలోకి వస్తుంది.

తర్వాత పంట నష్టపోయినవాళ్ల జాబితా అతికిస్తారు. వెళ్లి నీ పేరు వెతుక్కో. లేకపోతే అభ్యంతరాలకు ఇచ్చిన గడువులోనే అర్జీ పెట్టు, నోటిమాటతో సరిపెట్టకు. డబ్బు ఆధార్‌కు ఆఖరున లింకైన ఖాతాలోకే పోతుంది కాబట్టి, అది ఏ బ్యాంకో ఇప్పుడే కనుక్కో. పేరు రాయడానికి ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

2022 నుంచి 2026 దాకా అమలైన కేంద్ర నిబంధనల్లో నీటి వసతి ఉన్న పంటకు పరిహారం హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. 2024 వరదలప్పుడు మన రాష్ట్రం వరికి ఎకరాకు 10,000 ప్రకటించింది. కౌలుకు, కూలీలకు, ఎరువులకు పెట్టినదాని ముందు ఇది ఏ మూలకూ రాదు. అయినా మళ్లీ విత్తనం కొనడానికి వడ్డీకి తేకుండా ఆ డబ్బే ఆదుకుంటుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఆదివారం పొద్దున వస్తాను. ఆసామి ఇంటికి ఇద్దరం కలిసి వెళ్దాం. ఆధార్, బ్యాంకు పుస్తకం తీసి ఉంచు.

మీ మావయ్య