పోటీ క్రీడల్లో గెలుపు ముఖ్యమా, క్రీడాస్ఫూర్తి ముఖ్యమా?

గెలవాలన్న పట్టుదల లేకుండా క్రీడాస్ఫూర్తి ఉండదు. శక్తి మేరకు ఆడటమే ప్రత్యర్థికి ఇచ్చే మొదటి గౌరవం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో నాలుగు మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్ జోడీలను పోటీ నుంచి తప్పించింది, గెలవడానికి ప్రయత్నించనందుకే. గ్రూప్‌లో ఏ స్థానం వస్తే నాకౌట్‌లో ఎవరు ఎదురవుతారో ముందే తెలిసిపోవడంతో కొందరికి ఓటమే లాభంగా కనిపించింది. ఆ తర్వాత, గ్రూపుల్లో రెండో స్థానం పొందిన జోడీలకు తర్వాతి ప్రత్యర్థి ఎవరో తేల్చేందుకు మళ్లీ డ్రా తీసేలా పద్ధతి మార్చారు.

నిబంధన పాటిస్తే చాలా? చాలదనే నా అభిప్రాయం. 1981లో మెల్‌బోర్న్ వన్డేలో చివరి బంతికి న్యూజిలాండ్ 6 కొడితే మ్యాచ్ టై అవుతుంది. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ బౌలింగ్ చేస్తున్న తన తమ్ముడు ట్రెవర్‌తో బంతిని నేల మీద దొర్లింపజేశాడు. అప్పటి నిబంధనల్లో అది తప్పు కాదు. కానీ బ్యాటర్‌కు ఆడే అవకాశమే పోయింది. తర్వాత అలాంటి బౌలింగ్‌ను నిషేధించారు.

అసలు చిక్కు శిక్షకు సిద్ధపడి చేసే ఫౌల్‌తో. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో గోల్‌లోకి వెళ్తున్న ఘనా బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేత్తో ఆపాడు. రెడ్ కార్డు, పెనాల్టీ రెండూ పడ్డాయి. ఘనా ఆ పెనాల్టీని గోల్‌గా మలచలేక షూటౌట్‌లో ఓడింది. సువారెజ్ మోసం దాచలేదు, శిక్ష తప్పించుకోలేదు. ఇక్కడ ఆటగాడిని తిట్టడం కన్నా శిక్ష సరిపోతుందా అని అడగడం న్యాయం. రగ్బీలో దాదాపు ఖాయమైన ట్రైని (బంతిని ప్రత్యర్థి గోల్ గీత అవతల నేలకు తాకించి పాయింట్లు సాధించడాన్ని) ఫౌల్‌తో ఆపితే రిఫరీ పెనాల్టీ ట్రై కింద నేరుగా 7 పాయింట్లు ఇస్తాడు.