పూత తేడా ఉన్నా వేగం మారకపోతే

స్టీలు మీద 0.3 మి.మీ. స్ప్రే పూత, 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్ (అల్ట్రాసౌండ్ తరంగాన్ని పంపే, అందుకునే సాధనం). పూత పట్టు ఎలా ఉందో ఉపరితల తరంగం, అంటే పైపొర వెంట పాకే తరంగం, వేగంతో చూస్తున్నారు. మంచి ముక్కకీ, పట్టు వదిలిన ముక్కకీ ఒకే వేగం వస్తోందన్నారు. పరికరాన్ని అనుమానించకండి. ఉపరితల తరంగం స్టీలులో సెకనుకి సుమారు 3000 మీటర్లు పోతుంది. అంటే మీ తరంగదైర్ఘ్యం 1.5 మి.మీ. దాని శక్తి దాదాపు అంత లోతు దాకా దిగుతుంది కాబట్టి మీరు కొలుస్తున్నది చాలావరకు కింది స్టీలునే!

10 మెగాహెర్ట్జ్‌తో కూడా కొలవండి. అప్పుడు తరంగదైర్ఘ్యం పూత మందం దగ్గరికి వస్తుంది. ఒంటి అంకె చూసి తేల్చకండి, రెండు ఫ్రీక్వెన్సీల వేగాలూ పోల్చండి. పూత లేని స్టీలులో అవి దాదాపు ఒకటే, పూత ఉంటే విడిపోతాయి. మంచి ముక్కలో ఎంత విడిపోయాయో, చెడ్డదానిలో ఎంతో చూడండి. కాకపోతే స్ప్రే పూతల్లో సన్న రంధ్రాలుంటాయి, పై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ త్వరగా చచ్చిపోతుంది. ప్రోబులు దగ్గరగా పెట్టుకోండి.

వేగం తీయడానికి రిసీవర్‌ని (తరంగాన్ని అందుకునే ప్రోబ్‌ని) కచ్చితంగా 20 మి.మీ. జరిపి, రెండు చోట్ల కాలాల తేడా తీసుకోండి. వెడ్జ్‌లో (ప్రోబ్ కింది ఏటవాలు దిమ్మలో) పోయే సమయం లెక్కలోంచి తప్పుకుంటుంది.

అది ఉపరితల తరంగమేనా అని అనుమానమొస్తే దారిలో నూనె రాసిన వేలు ఆనించండి, సిగ్నల్ పడిపోవాలి. ప్రోబ్ ఆనేందుకు రాసే జెల్ ప్రోబుల మధ్య ఒలికితే అది కూడా అదే పని చేస్తుంది, తుడిచేయండి. దీంతోనే నాకు ఓ పూటంతా పోయింది.