బండి కబుర్లు: తెల్లారేసరికి కూలబడుతున్న బెంజి

ప్రశ్న: అన్నగారూ నమస్తే. మాది బరంపురం, గేట్ బజార్ వైపు. వైజాగ్‌లో 2004 మోడల్ ఎస్ క్లాస్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, ఎయిర్ సస్పెన్షన్ బండి, స్ప్రింగుల మీద కాకుండా గాలి మీద నిలబడేది. రాత్రి బాగానే పెడతాను, పొద్దున లేచి చూస్తే ముందు ఎడం పక్క టైరు మీదకి దిగిపోయి ఉంటాది, స్టార్ట్ చేస్తే గుర్రుమంటూ చాలాసేపటికి లేస్తాది. ఇక్కడి మెకానిక్ గాలి నింపే కంప్రెసర్ పోయిందని మార్చాడు, నాలుగు నెలలకి అదీ కాలిపోయింది, మళ్ళీ కంప్రెసరే అంటన్నాడు. ఇంట్లో ఆవిడైతే అమ్మేయమంటోంది. ఏటి చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, మూడో కంప్రెసర్ మాత్రం కొనకు. చిల్లు కుండలో నీళ్ళు పోసీపోసీ చెయ్యి పడిపోతే, కుండ సంగతి చూడకుండా చేతికి కట్టు కట్టినట్టుంది మీ మెకానిక్ వ్యవహారం. గాలి ఎక్కడో పోతోంది, అది పోయినప్పుడల్లా కంప్రెసర్ లేచి నింపుతోంది, అది కాసేపు పనిచేసి ఆగడానికి చేసిందే గానీ గంటలకొద్దీ తిరగడానికి కాదు, అందుకే వేడెక్కి కాలిపోతోంది.

నీది డబ్ల్యూ 220 బాడీ, ఆ తరం ఎస్ క్లాస్‌కి కంపెనీ కోడ్ అది. బెంజి వాడు 1998లో ఎయిర్‌మాటిక్ అని ఈ గాలి సస్పెన్షన్ మొదట పెట్టింది ఈ బాడీలోనే. నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగుకి బదులు రబ్బరు బెల్లో ఉంటుంది, బస్సుల వాళ్ళు బెలూన్ అంటారే అదే. ఇరవై ఏళ్ళ రబ్బరు, పైగా మన ఎండ, మడతల దగ్గర పగలకుండా ఎలా ఉంటుంది చెప్పు.

ఒక రాత్రి ఈ పని చెయ్యి. చదునైన చోట బండి పెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు చోట్లా టేపుతో కొలిచి కాగితం మీద రాసుకో, పొద్దున తలుపు తియ్యకముందే మళ్ళీ కొలువు (తలుపు తీస్తే సిస్టమ్ లేచి లెక్క మార్చేయొచ్చు). ఒక్క మూలే దిగితే ఆ మూల స్ట్రట్టో (బెల్లో, షాకబ్జార్బర్ కలిసి ఉండే కాలు), దానికెళ్ళే గాలి పైపో, వాల్వ్ బ్లాకులో (మూలలకి గాలి పంచే డబ్బా) దాని దారో లీకవుతున్నట్టు. మూలలు దిగకుండా నిలబడి, అసలు పైకే లేవకపోతే అప్పుడు ఫ్యూజు, రిలే (కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్చు), కంప్రెసర్ వైపు చూడాలి.

నీకు ఒక్క మూలే కాబట్టి, అంట్లు తోమే సబ్బు నీళ్ళలో కలిపి స్ప్రే సీసాలో పోసుకుని, బండి లేచి ఉన్నప్పుడు బానెట్ ఎత్తి స్ట్రట్ తలకాయ దగ్గర పైపు దూరే ఇత్తడి నట్టు మీద కొట్టు. సన్నటి నురగ పుట్టగొడుగులా ఉబ్బుతుంటే దొరికినట్టే. అక్కడ లేకపోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి బెల్లో మీద కొట్టించు, ఆ తర్వాత వాల్వ్ బ్లాకు పైపుల మొదళ్ళ మీద. ఒక్క మాట, స్టాండ్లు వెయ్యకుండా బండి కిందకి ఎవడూ దూరకూడదు, నా ముందే ఒక బండి ఉన్నట్టుండి దిగిపోయింది, అదృష్టం బాగుండి కుర్రాడు అప్పటికే టీకి వెళ్ళాడు.

స్ట్రట్ మారిస్తే ఖాళీ బెల్లో మీద బండి బరువు దించనివ్వకు, ముందు గాలి నింపాకే దించాలి, లేకపోతే రబ్బరు మడతపడి కొత్తది కూడా చిరుగుతుంది. కంప్రెసర్ వేసినప్పుడు రిలే కూడా మార్చాలి, అది అతుక్కుపోతే కంప్రెసర్ ఆగదు, రిలే ఖరీదు దాని ముందు ఎంతని. సముద్రం దగ్గర తేమ ఎక్కువ కదా, కంప్రెసర్‌కి ఉండే డ్రయ్యర్ (గాలిలో తేమ పీల్చేది) కూడా ఒకసారి చూపించు. డయాగ్నసిస్ మిషన్ ఉన్న వర్క్‌షాపు అక్కడ దొరక్కపోతే వైజాగ్‌కి ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి పంపు, కుంగిన బండిని హైవే మీద తోలితే టైరు కూడా పోతుంది.

ప్రశ్న: సార్, ఇలాంటి బండికి బెలూన్లు పీకించి మామూలు స్ప్రింగులు వేయించేస్తే గొడవ వదిలిపోదా? (పర్లాకిమిడి నుంచి)

జవాబు: వదులుతుంది, కిట్లు కూడా దొరుకుతాయి. కాకపోతే ఆ మెత్తదనం పోతుంది, డిక్కీలో లోడు వేస్తే వెనక దిగుతుంది, మీటర్ మీద వార్నింగ్ రాకుండా వేరే మాడ్యూల్ పెట్టాలి. నాలుగు స్ట్రట్లూ ఒకేసారి పోయి డబ్బు లేకపోతే వేయించండి, ఒక్కటే పోతే ఆ ఒక్కటీ బాగుచేయించండి.