కోవిడ్ లాక్‌డౌన్‌లో క్యాన్సిలైన బుకింగులకు, మా ఇళ్లను రోజుల లెక్కన బాడుగకు పెట్టే సైటు మమ్మల్ని అడక్కుండానే గెస్టులకు పూర్తి డబ్బు వాపసు ఇచ్చేసింది. ఇల్లు ఇచ్చే హోస్టులకు ఇది న్యాయమేనా? మీ అనుభవం ఏమిటి?

'నాన్ రిఫండబుల్', అంటే క్యాన్సిల్ చేసినా డబ్బు వాపసు లేదు అని పెట్టుకుని, దానికోసం రేటు కూడా పది శాతం తగ్గించి ఇచ్చాక, సైటు వాళ్లు ఒక్క మెయిలుతో మొత్తం వెనక్కి ఇచ్చేశారని మీరు ప్రశ్న కింద రాశారు. బెంగళూరులో నాకు జరిగిందీ అచ్చం ఇదే. కాకపోతే కోపం చల్లారాక నాకు తేలిన లెక్క మీ లెక్కకు కొంచెం పక్కగా ఉంటుంది. పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

మాది హిందూపురం. 2018లో ఐటీ ఉద్యోగం మానేసి బెంగళూరులో రెండు ఫ్లాట్లు బాడుగకు తీసుకున్నాను. ఒకటి వైట్‌ఫీల్డ్‌లో, ఐటీపీఎల్ అనే ఐటీ కంపెనీల పార్కుకు దగ్గర. కంపెనీ పనుల మీద వారం, పది రోజులకు వచ్చేవాళ్లు దిగేవారు. రెండోది బొమ్మసంద్రలో. అక్కడి పెద్దాసుపత్రికి గుండె ఆపరేషన్ల కోసం మన అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి ఎంతమంది వస్తారో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. రోగి వార్డులో ఉంటే, వెంట వచ్చినవాళ్లకు వండుకోవడానికి ఒక స్టవ్వు, పడుకోవడానికి చోటు కావాలి. ఆ ఫ్లాటు ఖాళీగా ఉన్న రోజు తక్కువ.

రెండిటికీ కలిపి నెల బాడుగ 48 వేలు. బెంగళూరు అలవాటు ప్రకారం పది నెలల అడ్వాన్సు ఓనర్ల చేతిలో పెట్టాను, అంటే 4 లక్షల 80 వేలు అక్కడే ఇరుక్కున్నాయి. పైన మెయింటెనెన్సు, వైఫై, ఇల్లు తుడిచే ఆవిడ జీతం, ఏసీల ఈఎంఐ. అన్నీ కలిపి నెలకు 73 వేల దాకా తేలేది. గెస్టు వచ్చినా రాకపోయినా ఇది ఆగదు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది. అదే రోజు మన ప్రభుత్వం 13వ తేదీ నుంచి వీసాలు చాలామటుకు ఆపేస్తున్నట్టు చెప్పింది. వైట్‌ఫీల్డ్ ఫ్లాటు బుకింగుల క్యాలెండరు రెండు రోజుల్లో తుడిచిపెట్టుకుపోయింది. 14 నుంచి కర్ణాటకలో మాల్స్, సినిమా హాళ్లు, పబ్బులు మూసేశారు. మొదట వారం రోజులే అన్నారు. మేమూ వారమే అనుకున్నాం! 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్, విమానాల్లేవు, రైళ్లూ లేవు.

ఈలోపే ఆ సైటు (పేరు రాయను) నా 11 బుకింగులకు పూర్తి డబ్బు వాపసు ఇచ్చేసింది. నాకు రావాల్సింది మొత్తం 1 లక్షా 84 వేలు. ప్రతి బుకింగుకూ ఒకే మెయిలు: గెస్టుకు మొత్తం తిరిగి చెల్లించాము, అర్థం చేసుకున్నందుకు ధన్యవాదాలు. నేనేం అర్థం చేసుకున్నానో వాళ్లకెలా తెలిసిందో! అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఏమిటో ఆ వారం నాకు బాగా తెలిసొచ్చింది. దానం పేరు వాళ్లకు, ఖర్చు నాకు.

ఇప్పుడు కాస్త సిగ్గుపడుతూ చెప్పాల్సిన సంగతి. ఏప్రిల్‌లో అమ్మానాన్నలను తీసుకుని కాశీకి వెళ్దామని జనవరిలోనే నాలుగు విమానం టికెట్లు కొన్నాను, 31 వేలు. అవీ రద్దయ్యాయి. విమాన సంస్థ డబ్బు ఇవ్వను, క్రెడిట్‌గా ఉంచుకో, తర్వాత ఎప్పుడైనా వాడుకో అంది. ఒకే రోజు రాత్రి కూర్చుని రెండు మెయిళ్లు రాశాను. విమానం వాళ్లకు: 'నేను అనుభవించని సేవకు నా డబ్బు మీ దగ్గర ఎందుకుండాలి?' సైటు వాళ్లకు: 'నాన్ రిఫండబుల్ అని ఒప్పుకుని కొన్నవాళ్లకు డబ్బు ఎలా ఇస్తారు?' అక్షరదోషాలు చూడమని రెండూ మా ఆవిడకు చూపించాను. ఆవిడ చదివి, "ఈ ఇద్దరిలో మీరు ఏ పక్క?" అంది. రెండు మెయిళ్లూ పంపాను, అది వేరే సంగతి.

న్యాయం మాటకొస్తే, తెలిసిన లాయరొకాయన విడమరిచి చెప్పింది ఇదీ. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 56 ఉంది. ఒప్పందం చేసుకున్నాక ఎవరి తప్పూ లేకుండా ఆ పని అసాధ్యమైపోతే ఒప్పందం చెల్లదు. అప్పుడు సెక్షన్ 65 ప్రకారం తీసుకున్న లాభం తిరిగి ఇచ్చేయాలి. రైలే లేని రోజున గెస్టు ఎలా వస్తాడు? వచ్చినా నేను తలుపు తీయగలనా? అందుకని లాక్‌డౌన్ తేదీల మధ్య పడిన బుకింగుల మీద 'నాన్ రిఫండబుల్' అని వాదించినా నిలబడడం కష్టం అన్నాడాయన.

అయితే అదే సెక్షన్ చెప్పి నేను ఓనరుకు బాడుగ ఎగ్గొట్టొచ్చా అని అడిగాను. నవ్వాడు. మే 21న ఢిల్లీ హైకోర్టు ఖాన్ మార్కెట్‌లోని ఒక షాపు కేసులో తేల్చేసిందట: లీజులకు సెక్షన్ 56 వర్తించదు, లాక్‌డౌన్ అని చెప్పి బాడుగ ఆపడానికి లేదు. చూశారా? గెస్టును నా దగ్గర కాపాడే సెక్షన్ నన్ను మా ఓనరు దగ్గర కాపాడదు. మీకైనా నాకైనా అసలు దెబ్బ తగిలింది ఇక్కడే. గెస్టుకు వాపసు ఇవ్వడం దగ్గర కాదు, మధ్యలో నిలబడినవాడికి ఏ వైపూ గోడ లేకపోవడం దగ్గర. సొంత ఇల్లు ఇచ్చుకున్న హోస్టులు ఆ మూడు నెలలు ఎలాగో నెట్టుకొచ్చారు. నాలాగా బాడుగ ఇంటిని తిరిగి బాడుగకిచ్చినవాళ్లు మునిగారు.

సైటు మీద నా కోపం పూర్తిగా పోయిందని కాదు. అడిగి ఉండాల్సింది. కనీసం ఒకరోజు ముందు చెప్పి ఉండాల్సింది. నా ఫ్లాట్లు పెట్టని ఎయిర్‌బీఎన్‌బీ అనే ఇలాంటి ఇంకో సైటు కూడా మొదట ఇదే చేసింది. హోస్టులు గోల చేశాక మార్చి 30న దాని అధిపతి బ్రయాన్ చెస్కీ, మిమ్మల్ని సంప్రదించకుండా నిర్ణయం చెప్పేశామని హోస్టులకు క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాడు. క్యాన్సిలేషన్ పాలసీ ప్రకారం హోస్టుకు వచ్చేదాంట్లో నాలుగోవంతు ఇవ్వడానికి 25 కోట్ల డాలర్లు పక్కన పెట్టామన్నాడు. పావలా వంతే, ఐనా ఆ మాట అన్నందుకు మెచ్చుకోవాలి. మా సైటు నుంచి పావలా కాదు కదా, ఫోనే లేదు.

అడగడానికీ అడక్కపోవడానికీ తేడా ఎంతో నాకు ఎలా తెలిసిందంటే, సైటుతో సంబంధం లేకుండా నేరుగా ఫోన్ చేసి బుక్ చేసుకున్నవాళ్లు నలుగురున్నారు. అడ్వాన్సు ఫోన్‌పేలో నాకే వేశారు. లాక్‌డౌన్ మొదటి వారంలోనే నలుగురికీ నేనే ఫోన్ చేశాను. ఒకాయన మొత్తం కావాలన్నాడు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదన్నాడు. ఇచ్చేశాను. ఒకావిడ సగం ఇవ్వండి, సగం తర్వాతికి ఉంచండి అంది. తిరుపతి ఆయన తన అడ్వాన్సు ఉంచుకోమన్నాడు. నాలుగోవాడు కదిరి నుంచి. రెండేళ్ల కొడుకు గుండెలో రంధ్రం, ఏప్రిల్‌లో ఆపరేషన్ అనుకున్నారు, వాయిదా పడింది. 8 వేలు అడ్వాన్సు ఇచ్చాడు. తిరిగి పంపుతానంటే, "వద్దన్నా, ఎట్లయినా రావాల్సిందే కదా, నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. ఆ నలుగురితో ఒక్క మాట పట్టింపు రాలేదు. డబ్బు పోయిన మాట నిజమే, కానీ ఎవరో నా జేబులో చెయ్యి పెట్టినట్టు అనిపించలేదు.

మా ఓనరుతోనూ అంతే. వైట్‌ఫీల్డ్ ఫ్లాటు ఓనరుది వర్తూరు వైపు పాత కుటుంబం, ఇంట్లో బెంగళూరు తెలుగే. బాడుగ తగ్గించమని భయంభయంగా అడిగితే, "నువ్వూ బాడుగ నమ్ముకునే కదప్పా ఉండేది, నేనూ అంతే" అన్నాడు. ఎవరికీ సమాధానం లేని మాట అది. చివరికి మూడు నెలలు సగం బాడుగ చేతికిచ్చి, మిగతా సగం అడ్వాన్సులో పట్టుకునేలా మాట్లాడుకున్నాం. బొమ్మసంద్ర ఓనరు రూపాయి తగ్గించలేదు. ఆయన్ని తప్పు పట్టను.

రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మారటోరియం, అంటే ఈఎంఐలు కొన్నాళ్లు వాయిదా వేసుకునే వీలు, ఏసీల లోను మీద తీసుకున్నాను. అది మాఫీ కాదు, వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత వడ్డీ మీద వడ్డీ వెనక్కిస్తామంటే ఎంతో అనుకున్నాను, 212 రూపాయలు పడ్డాయి.

ఇక మీకు పనికొచ్చే మాట. మీ బుకింగులన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. తేదీల వారీగా విడదీయండి. ప్రయాణమే కుదరని రోజుల మీద గొడవ వదిలేయండి. మే 25న దేశీయ విమానాలు మొదలయ్యాక, రాగలిగి కూడా మనసు మార్చుకుని మానుకున్నవాళ్ల బుకింగులు వేరే పెట్టండి. వాటి మీద మీ పాలసీ, మీరిచ్చిన పది శాతం తగ్గింపు చూపించి రాతపూర్వకంగా అడగండి. నాకు అలాంటివి రెండే తేలాయి. నాలుగు మెయిళ్ల తర్వాత ఒకదానికి సగం ఇచ్చారు. ఇంకోటి, ఎవరైనా గెస్టు 'మీరే క్యాన్సిల్ చేసేయండి' అని బతిమాలితే మొహమాటానికి పోయి ఆ బటన్ నొక్కొద్దు. హోస్టు క్యాన్సిల్ చేసినట్టు లెక్కకడతారు, సైటు జాబితాలో మన ఇల్లు కిందికి పోతుంది.

నా తప్పూ ఒకటుంది, చెప్పకపోతే బాగుండదు. సైటు డబ్బు మన ఖాతాలో వేసేది గెస్టు దిగిన మర్నాడే. అంటే ఆ 1 లక్షా 84 వేలు ఏ రోజూ నా దగ్గర లేవు. అయినా వాటిని చూసుకునే ఫిబ్రవరిలో కొత్త సోఫా కొన్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇప్పుడు నేరుగా వచ్చే అడ్వాన్సులన్నీ వేరే ఖాతాలో పడేలా పెట్టుకున్నాను. గెస్టు తాళాలు తీసుకున్న రోజే వాటిని ముట్టుకుంటాను.

వైట్‌ఫీల్డ్ ఫ్లాటు జూలైలో ఖాళీ చేశాను. సోఫా సగం ధరకు పోయింది. అక్టోబరు 1న సుప్రీంకోర్టు విమానం టికెట్ల డబ్బు తిరిగివ్వాలని, ఇవ్వలేని సంస్థలు 2021 మార్చి 31 దాకా వాడుకునేలా క్రెడిట్ ఇచ్చి, ఆలస్యానికి నెలనెలా కొంత కలపాలని చెప్పింది. మా కాశీ డబ్బు ఆ గడువు దాటాక వచ్చింది. ఆ రోజు మాత్రం నేను గెస్టుల పక్షమే!

కదిరి వాళ్లు నవంబరులో వచ్చారు. బొమ్మసంద్ర ఫ్లాటు అప్పటికి ఎలాగో నిలబెట్టుకున్నాను. పందొమ్మిది రోజులున్నారు, పిల్లవాడికి ఆపరేషన్ బాగా జరిగింది. వెళ్లేటప్పుడు లెక్క చూసి, ఆ 8 వేలు తీసేసి మిగతాది ఇమ్మన్నాను. అతను కొంచెం ఇబ్బందిగా నవ్వి, పిల్లవాడి రిపోర్టుల ఫైలు తెరిచి ఒక కాగితం చూపించాడు. మార్చిలో నాకు వేసిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ప్రింటు తీసి పెట్టుకొచ్చాడు. "నువ్వు మర్చిపోయుంటావేమోనని, అన్నా" అన్నాడు.