పాత నైటీ తగిలిస్తే కళ అయిపోతుందా?

గ్యాలరీలో దండెం కట్టి పాత బట్టలు వేలాడదీసి స్త్రీవాద కళ అంటున్నారు, మరి మా పెరట్లో రోజూ ఆరేసేదేమిటి అని మీలో ఒకరు అడిగారు. వెక్కిరింపుగా అడిగినా ప్రశ్న మంచిదే. నేనూ ఒకసారి ఆ పని చేసి చెడగొట్టుకున్నదాన్ని, అందుకే రాస్తున్నాను.

ఆర్ట్ కాలేజీ చివరి ఏడాది ప్రదర్శనకి మా అమ్మ పాత నైటీ తీసుకున్నాను. కుడి తుంటి దగ్గర అరచేతి వెడల్పున రంగు వెలిసి, పోగులు లేచి, మరకలు పట్టి ఉండేది. పనిలో ఉండగా ఎవరు పిలిచినా తడి చెయ్యి అక్కడే తుడుచుకుని వచ్చేది మరి. ఎడమ వైపు మాత్రం ఇంకా కొత్తదానిలాగే ఉంది. చూపించాల్సింది ఆ తేడానే. కానీ నలుగురూ చూస్తారన్న టెన్షన్‌లో నానబెట్టి, రుద్ది, ఇస్త్రీ చేసి, పైన ఎర్రదారంతో ‘స్వేచ్ఛ’ అని కుట్టాను. వచ్చినవాళ్ళు ఆ మాట చదువుకుని పక్కకి వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే దగ్గరికెళ్ళి పట్టి చూసి, "ఆ మరకలు దేంతో పోగొట్టావే?" అంది.

అమెరికన్ కళాకారిణి మిమీ స్మిత్ 1966లోనే పడకగదిలో వేసుకునే పల్చని నైలాన్ గౌను చేసి, దాని అంచులకి గిన్నెలు తోమే స్టీలు పీచు కుట్టింది. అది ఫొటోలో చూసినా ఒళ్ళు గీసుకుపోతున్నట్టుంటుంది. రాత్రి అందంగా కనబడాలి, పొద్దున గిన్నెలు తోమాలి. ఆ రెండు డ్యూటీలూ ఒకే బట్టలోకి వచ్చేశాయి. నాలా అక్షరాలు కుట్టాల్సిన అవసరం ఆమెకి రాలేదు. శిల్పి లూయీ బూర్జువా అయితే 1990లలో తన పాత గౌన్లూ లోదుస్తులూ పశువుల ఎముకలకే తగిలించింది. ఎముక భుజమైతే బట్ట చర్మంలా కనిపిస్తుంది.

అలాగని ఉతికితే పాడైపోతుందనీ కాదు. కొసావో యుద్ధంలో అత్యాచారానికి గురైన స్త్రీల కోసం కళాకారిణి ఆల్కెటా జాఫా మ్రిపా 2015లో అక్కడి రాజధాని ప్రిస్టీనా ఫుట్‌బాల్ స్టేడియంలో దండేలు కట్టించి, దానంగా వచ్చిన సుమారు 5,000 గౌన్లూ స్కర్టులూ ఆరేయించింది. ఏళ్ళ తరబడి ఇంట్లోవాళ్ళతో కూడా నోరు విప్పలేకపోయిన విషయం మగవాళ్ళ ఆటస్థలంలో, పట్టపగలు, గాలికి ఊగింది. ఇక్కడ శుభ్రంగా ఉతికి ఉండటమే ముఖ్యం. మరక ఆ ఆడవాళ్ళది కాదు గదా.

మీ విసుగులో న్యాయం లేదని అనను. దండెం కట్టి పక్కన ఒక పేజీ వివరణ అంటించి చేతులు దులుపుకునేవి నేనూ చాలా చూశాను. ఈసారి వెళ్తే ఆ కాగితం చదవకుండా ముందు బట్ట దగ్గరికెళ్ళండి. ఎక్కడ అరిగింది, ఎక్కడ వదులు చేశారు, జేబుందా లేదా చూడండి. అప్పటికీ ఏమీ అనిపించకపోతే తప్పు మీది కాకపోవచ్చు.

ఆ నైటీని మా అమ్మే తీసేసుకుంది. ‘స్వేచ్ఛ’ని విప్పదీసి ఇంట్లో మళ్ళీ అదే వేసుకుంటోంది.