పిల్లికి ఒక కాలు తీసేస్తే మిగిలిన మూడింటితో మామూలుగా బతకగలదా?

బతుకుతుంది. మా చుక్క నాలుగేళ్లుగా మూడు కాళ్లతోనే ఉంది. నేను ఇది రాస్తుంటే కిటికీ గట్టు మీద కూర్చుని ఎదురింటి పావురాల వంక చూస్తోంది. కారు కింద పడి మీ పిల్లి వెనక కాలు నలిగిపోయిందనీ, కాలు ఉంచి లాభం లేదని డాక్టర్ గారు చెప్పారనీ, "నొప్పి లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించేస్తే దానికి బాధ తప్పుతుంది కదా" అని ఇంట్లో అంటున్నారనీ రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మాది విజయవాడ, అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. అప్పటికి చుక్క మా పిల్లి కాదు. కింద పార్కింగ్‌లో తిరిగేది. ఒళ్లంతా తెలుపు, ముక్కు పక్కన నల్లటి చుక్క. ఒక చలికాలం పొద్దున వెచ్చగా ఉంటుందని ఎవరి కారు ఇంజన్‌లోనో దూరింది. ఆయన చూసుకోకుండా బండి స్టార్ట్ చేశారు. (చలికాలంలో బండి తీసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి. పిల్లి ఉంటే దూకి పారిపోతుంది. దయచేసి అందరికీ చెప్పండి.) రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజు జనరేటర్ వెనక నుంచి మూలుగు వినిపిస్తే వెళ్లి చూశాం. కుడి వెనక కాలు మోకాలి కింద నుంచి వేలాడుతోంది.

మొదట చూపించిన చోట కట్టు కట్టి, యాంటీబయాటిక్ రాసి పంపేశారు. ఐదో రోజుకు కట్టులోంచి వాసన మొదలైంది. ఇంకో డాక్టర్ గారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన కట్టు విప్పి, పాదం వేళ్లను ఒక్కొక్కటిగా గట్టిగా నొక్కారు. చుక్క తిరిగి కూడా చూడలేదు. ఎడమ కాలి వేళ్లు అలాగే నొక్కితే కీచుమని చెయ్యి కొరకబోయింది. "చూశారు కదమ్మా, ఈ కాలికి నరమూ లేదు, రక్తమూ లేదు. ఇప్పుడిది కాలు కాదు, దీని ఒంటికి తగులుకున్న పుండు" అన్నారు. ఆ మాటతో మా ఆయనకూ నాకూ పట్టిన భయం చాలావరకు పోయింది. అప్పటిదాకా కాలు తీయించడమంటే దానికి అన్యాయం చేస్తున్నామనుకున్నాం. అలా తేల్చుకోలేక గడిపిన రోజులన్నీ అది నొప్పి భరిస్తూనే ఉంది. మీ డాక్టర్ గారు కూడా అలా పరీక్ష చేసి, ఎక్స్‌రే చూసి చెప్పి ఉంటే ఇంకా ఆలస్యం చేయకండి. అనుమానముంటే ఇంకో డాక్టర్‌కి చూపించండి, కానీ వారాల తరబడి నాన్చకండి. మిగిలిన మూడు కాళ్లనూ తుంటినీ కూడా ఎక్స్‌రేలో చూడమని అడగండి. బండి దెబ్బ తగిలినప్పుడు ఇంకోచోట కూడా విరిగి ఉండవచ్చు. వయసు మళ్లిన పిల్లికో, బాగా బరువున్న పిల్లికో, ఇంకో కాలు కూడా దెబ్బతిన్న పిల్లికో అయితే ఆలోచించాల్సిందే. మీది రెండేళ్ల పిల్లి అన్నారు కాబట్టి నేనైతే ఇంజెక్షన్ మాట ఎత్తను.

"మోకాలి దాకా ఉంచకూడదా?" అని మేమూ అడిగాం. ఉంచితే ఆ మొండి కాలును పిల్లి నేలకు ఆనించాలని చూస్తుంది, అది ఒరుసుకుని పుండు పడుతుంది. అందుకే వెనక కాలైతే తొడ పైభాగం దగ్గర, ముందు కాలైతే చాలాసార్లు భుజం ఎముకతో సహా తీసేస్తారు. పైన మిగిలిన కండతో మెత్తగా కప్పి కుడతారు. వినడానికి కష్టంగా ఉంటుంది కానీ పిల్లికి అదే సుఖం.

మాకు పరీక్షలు, ఆపరేషన్, మందులు కలిపి 14 వేల దాకా అయింది. డబ్బు ఇబ్బందైతే పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగండి. ఇక్కడ గన్నవరంలోనూ తిరుపతిలోనూ, అటు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ ఉన్నాయి.

ఇంటికి తెచ్చిన మొదటి రాత్రికి మీరు సిద్ధంగా ఉండాలి. కాలు లేకపోవడం కన్నా, సగం ఒళ్లు గొరిగేసి, గులాబీ రంగు చర్మం మీద నల్లటి కుట్లు, చుట్టూ కమిలిన నీలం చూస్తే మన కాళ్లూ చేతులూ ఆడవు. ఆ కమిలినది వారం పది రోజుల్లో పోతుంది. మత్తు పూర్తిగా దిగకముందే చుక్క లేవబోయి రెండుసార్లు పక్కకి ఒరిగిపోయింది. నేను గబుక్కున ఎత్తుకోబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండమ్మా, దాన్ని లేవనీ" అన్నారు. మూడోసారి లేచి, గోడకు ఒళ్లు ఆనించి, నాలుగు అడుగులు గెంతి నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లింది. కాలు తీసి ఇంకా ఒక రోజు కూడా కాలేదు. అంతకుముందు అదే అత్తయ్య పిల్లిని ఇంట్లోకి రానివ్వద్దన్న మనిషి.

మొదటి రెండు వారాలు ఒకే గదిలో ఉంచండి. మంచం కింద దూరకుండా అట్టలు అడ్డం పెట్టండి. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు దాని పక్కను రోజుకో చోటికి మార్చకండి. కన్ను తెరవగానే గిన్నె ఎక్కడుందో, మలమూత్రాలకు పెట్టే ట్రే ఎక్కడుందో దానికి తెలియాలి. కుట్లు 10 నుంచి 14 రోజుల మధ్య విప్పుతారు, అందాకా నాకనివ్వకూడదు. మెడకు పెట్టే ప్లాస్టిక్ కోన్‌తో చుక్క అన్నం తినలేకపోయింది, గుమ్మాలకు కొట్టుకుంది. అప్పుడు అత్తయ్య మా ఆయన పాత బనియన్ కత్తిరించి, కాళ్లకు కన్నాలు పెట్టి, వీపు మీద ముడి వేసేలా చొక్కా కుట్టారు. డాక్టర్ గారికి చూపిస్తే కుట్లకు గాలి ఆడుతోంది, నోరు అందడం లేదు, ఉంచమన్నారు. మీరు కూడా అడిగి చేయండి.

ట్రేలో మామూలు ఇసుక వద్దు, గాయానికి అంటుకుంటుంది. న్యూస్‌పేపర్ ముక్కలు చింపి వేయండి. ట్రే ఒక పక్క అంచు తక్కువ ఎత్తులో ఉండాలి. దాన్ని గోడ మూలకు పెడితే పిల్లి ఒళ్లు ఆనించుకుని కూర్చుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది నొప్పి మందు. డాక్టర్ ఇచ్చినదే, చెప్పిన కొలతలోనే వేయండి. మనుషులు జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క బిళ్ల చాలు ప్రాణం పోవడానికి. పాపం అని అర బిళ్ల కూడా వేయకండి. పిల్లి నొప్పిని దాచుకుంటుంది, ఏడవదు. ముడుచుకుని కళ్లు సగం మూసి ఉండటం, తిండి ముట్టకపోవడం, ఎవరికీ కనిపించకుండా నక్కడం, ఇవన్నీ నొప్పికి గుర్తులు. గుర్రుగుర్రుమంటోంది కదా, హాయిగా ఉందనుకోకండి, నొప్పిలో కూడా గుర్రుమంటుంది. ఒక రోజంతా ఏమీ తినకపోతే ఫోన్ చేయండి. పిల్లి రోజుల తరబడి పస్తుంటే కాలేయం దెబ్బతింటుంది. చుక్క మొదటి వారంలో నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, కాలు లేని వైపు తిరిగి కొరకబోయేది. మేము హడలిపోయాం. తీసేసిన కాలు ఇంకా ఉన్నట్టు, నొప్పి పుడుతున్నట్టు మనుషులకు కూడా అనిపిస్తుందట. మందు మార్చాక అది తగ్గిపోయింది.

ఇక ఇల్లు. మన ఇళ్లలో నున్నటి టైల్స్ ఉంటాయి కదా, మూడు కాళ్ల పిల్లికి అసలు శత్రువు అదే. ఉన్న ఒక్క వెనక కాలు జారితే ఇంకోటి ఆసరాకి లేదు. అది ఎక్కువగా తిరిగే దారి పొడవునా గోనె పట్టాలో, పాత బొంతలో, అడుగున రబ్బరున్న డోర్‌మ్యాట్లో వేయండి. మేము మంచం నుంచి వంటింటి దాకా ఒక బాటలాగా పరిచాం. నాలుగు రోజుల్లోనే నడకలో ధైర్యం తెలిసింది. కొన్ని వారాలకు ఆ ఒక్క వెనక కాలిని కాస్త లోపలికి, ఒంటి మధ్యకు తెచ్చుకుని పెట్టడం నేర్చుకుంది. మెల్లగా నడిస్తే కుంటు కనిపిస్తుంది, పరుగెడితే కనిపించనే కనిపించదు.

పిల్లి బరువులో ఎక్కువ వంతు, దాదాపు 60 శాతం, ముందు కాళ్ల మీదే ఉంటుంది. అందుకని వెనక కాలు పోయిన పిల్లికి నిలబడటం తేలికే, ఎత్తుకు ఎగరడమే కష్టం. ముందు కాలు పోతే ఎక్కడం పరవాలేదు, దిగేటప్పుడు దెబ్బ తగులుతుంది. మీది వెనక కాలు కాబట్టి దానికి మెట్లు కావాలి. కిటికీ కింద ఒక పీట, దాని పక్కన స్టూలు పెట్టండి. చుక్క తన మెట్టు తనే వెతుక్కుంది. వంటింట్లో బియ్యం బస్తా మీదికి ముందు కాళ్ల గోళ్లతో పాకి, అక్కడి నుంచి గట్టు ఎక్కుతుంది. బస్తా అయిపోవచ్చినప్పుడు అది కిందికి దిగిపోతుంది కదా, అప్పుడు అందక అరుస్తుంది. మా ఇంట్లో బియ్యం అయిపోతున్నాయని ముందు చెప్పేది చుక్కే.

మీకు ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది. కుట్లు విప్పాక దాన్ని ప్రతిదానికీ ఎత్తుకుని తిప్పకండి. నేను ఆ తప్పు చేశాను. సోఫా ఎక్కబోతే ఎత్తాను, దిగబోతే దించాను, గిన్నె మూతి దగ్గరికి తెచ్చాను. నెల దాటినా అది సోఫా ఎక్కలేదు. నేను పుట్టింటికి వెళ్లి పది రోజుల తర్వాత వచ్చేసరికి సోఫా పైన, బీరువా పక్కన బట్టల గుట్ట పైన, అన్నిచోట్లా దాని వెంట్రుకలే. పడింది, లేచింది, నేర్చుకుంది.

బరువు మాత్రం పెరగనివ్వకండి. నాలుగు కాళ్ల పిల్లి అర కిలో పెరిగితే కాస్త తట్టుకుంటుంది, మూడు కాళ్లదైతే ఆ భారమంతా ఉన్న కాలి కీలు మీదే పడుతుంది. వచ్చిన ప్రతివాళ్లూ పాపమని ఏదో ఒకటి పెడుతుంటారు, ఆపండి. చుక్కను 3.6 కిలోల దగ్గర ఉంచాం. ఉప్పూ ఉల్లిపాయా వేయని ఉడికించిన చికెన్, కొలిచి పెట్టే పిల్లి మేత, అంతే. బయటికి వదలడం మానేశాం, కుక్క తరిమితే మునుపటిలాగా గోడ ఎక్కలేదు. బాల్కనీకి పావురాల వల కట్టించాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం.

"కుంటిపిల్లి", "అయ్యో ఎందుకు బతికించారు" అనేవాళ్లు ఉంటారు. మా పక్కింటావిడ అంది కూడా. అత్తయ్య ఆవిడతో వారం మాట్లాడలేదు.

ఇంకొకటుంది, ఎవరూ చెప్పరు. పిల్లి చెవి గోక్కునేది ఆ పక్క వెనక కాలితోనే. చుక్కకి కుడి చెవి దురద పెడితే తల కుడికి వంచి, కళ్లు మూసుకుంటుంది. తొడ దగ్గర మిగిలిన చిన్న కండ గబగబా ఆడుతుంది, టకటకటకమని కాలు ఉన్నట్టే. గాలిలో. చెవికి ఏమీ అందదు. మొదటిసారి చూసినప్పుడు వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఇప్పుడు ఇంట్లో ఎవరు చూసినా, ఏ పనిలో ఉన్నా, వెళ్లి కుడి చెవి వెనక గోకుతారు. అది తల ఇంకా వంచి అరచేతిలో పెట్టేస్తుంది. కండ ఆడటం ఆగేదాకా గోకాలి. వారానికోసారి ఆ చెవి లోపల మురికి ఉందేమో కూడా చూడండి, అది తనంతట తాను శుభ్రం చేసుకోలేదు. మీ పిల్లికి పోయేది ఎడమ కాలైతే ఎడమ చెవి.