టెక్ సందేహాలు: పేరును కాదు, పొలాన్ని వెతకండి

2027 గోదావరి పుష్కరాలు దగ్గరపడేకొద్దీ తాతముత్తాతల గురించి అడిగే ఉత్తరాలు పెరుగుతున్నాయి. పిండప్రదానానికి కూర్చుంటే మూడు తరాల పేర్లు చెప్పాలి. మూడో పేరు దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఇంటికి ఫోను చేస్తారు. ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే.

మా ముత్తాత 1920లలో రంగూన్ వెళ్లి, కొన్నేళ్లకు తిరిగివచ్చి ఊళ్లో ఎకరంన్నర కొన్నారట. వంశవృక్షాల వెబ్‌సైట్లలో ఎంత వెతికినా ఆయన పేరు లేదు. డబ్బు కట్టి సభ్యత్వం తీసుకుంటే దొరుకుతుందా? (పాఠకుడు, రాజోలు)

కట్టకండి. ఆ సైట్ల సరుకులో ఎక్కువ భాగం యూరప్, అమెరికాల చర్చి రిజిస్టర్లు, అక్కడి జనగణన కాగితాలు. మన జనగణనలో ఎవరి వివరాలు వారివిగా బయటపెట్టరు. పైగా మీ ముత్తాత వెళ్లింది బర్మాకు. 1937 వరకు అది బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి కాకినాడలో ఓడెక్కి రంగూన్‌లో దిగడమంటే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లడమే. కూలీలను కూడగట్టే మేస్త్రీ మాట మీద వెళ్లినవారే ఎక్కువ. అదే ఇంకా ముందు రోజుల్లో మారిషస్‌కో, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కో, ఫిజీకో ఒప్పంద కూలీగా వెళ్లి ఉంటే ఆయనకు ఒక నంబరు, తండ్రి పేరు, ఊరు రాసిన నమోదు ఉండేది. మారిషస్ వెళ్లినవారి రిజిస్టర్లు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. రంగూన్ వెళ్లినవారికి ఆ భాగ్యం లేదు.

అయితే మీ ఉత్తరంలోనే అసలు ఆధారం ఉంది: ఆ ఎకరంన్నర. మనిషి పేరు ఒక కాగితంలో వెంకటరత్నం అయితే మరోదాంట్లో వెంకన్న అవుతుంది, ఇంగ్లీషులో రాసిన గుమాస్తా చేతిలో ఇంకేదో అవుతుంది. పొలం మాత్రం కదలదు (లంక భూములైతే ఈ మాట వెనక్కి తీసుకుంటాను, గోదావరి వాటిని కోసేస్తుంది, మరోచోట మేట వేస్తుంది). ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల పోర్టల్ మీభూమిలో అడంగల్, 1-బి అనే భూమి కాగితాలు తెరిచి ఆ చెక్క సర్వే నంబరు రాసుకోండి. అక్కడ కనిపించేది ఇప్పటి హక్కుదారులే అయినా మనకు కావాల్సింది నంబరే. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే ఎల్.పి.ఎం. అనే కొత్త నంబరు కనిపిస్తుంది. దానికి పాత సర్వే నంబరు ఏదో గ్రామ సర్వేయర్‌ను అడగండి.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుదానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకుని వెతికించాలి. అక్కడ ఆస్తి దస్తావేజులకు రెండు సూచికలుంటాయి. ఒకటో ఇండెక్స్ పేర్లది, రెండోది ఊరు, ఆస్తి వివరాలది. మీరు రెండోదాన్ని అడగండి. దస్తావేజు దొరికితే నకలు తీసుకుని సర్వే నంబర్ల కన్నా ముందు మొదటి నాలుగు పంక్తులు చదవండి. కొన్నవారి తండ్రి పేరు, కాపురం, వృత్తి సాధారణంగా అక్కడే ఉంటాయి. అదృష్టం బాగుంటే «ప్రస్తుతం రంగూన్‌లో ఉంటున్న» అని కూడా ఉండవచ్చు. సాక్షుల పేర్లూ వదలకండి, వాళ్లలో బావమరుదులు దొరుకుతారు.

నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్ వంటి చోట్ల వెతికేటప్పుడు జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. మీ రాజోలు గోదావరి జిల్లాలో ఉండి, 1925 తర్వాత తూర్పు గోదావరి అయి, 2022లో కోనసీమలో చేరింది. ఏటి అవతల నరసాపురం కథ వేరు: 1904 దాకా గోదావరి, తర్వాత కృష్ణా, 1925 నుంచి పశ్చిమ గోదావరి. నరసాపురంలో మీకు బంధువులుంటే, వారి 1910 నాటి కాగితాన్ని గోదావరి జిల్లాలో వెతికితే జన్మలో దొరకదు.

ట్రంకు పెట్టెలో దొరికిన స్టాంపు కాగితాన్ని గూగుల్ లెన్స్ చదవలేకపోతోంది. అక్షరాలు తెలుగులాగే ఉన్నాయి. «చిత్రభాను» అన్న మాట ఒక్కటే తెలిసింది. ఎన్నేళ్ల నాటిది? (పాఠకురాలు, పాలకొల్లు)

అది గొలుసుకట్టు రాత అయి ఉంటుంది. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసి కరణాలు రాసిన రాత. అచ్చు అక్షరాలకు అలవాటుపడిన యాప్ దాన్ని చదవలేదు. దానికి పరిష్కారం ఫోనులో లేదు. పాత దస్తావేజు లేఖరి ఒకరిని పట్టుకోండి, ఆయన చదువుతుంటే ఫోనులో రికార్డు చేయండి.

కాలం మాత్రం మీరే తేల్చవచ్చు. చిత్రభాను అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1882, 1942, 2002. స్టాంపు మీద తల చూడండి. విక్టోరియా రాణి అయితే 1882, ఆరో జార్జి అయితే 1942. మూడో అనుమానానికి చోటు లేదు.

అంకెల పక్కన నిలువు గీతలు కనిపిస్తే అవి పావు, అర, ముప్పావు. అడ్డగీతలైతే వీసాల లెక్క (వీసం అంటే పదహారో వంతు). 2008లో యూనికోడ్ వీటికి చోటిచ్చింది: ౹ ౺ ౻, ౼ ౽ ౾. ధాన్యం కొలత తూముకు కూడా ౿ అనే గుర్తు ఉంది. మామూలు ఫోను కీబోర్డులో దొరకవు, ఇక్కడి నుంచి కాపీ చేసుకోండి. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టండి. దయచేసి లామినేషన్ చేయించకండి. వరదకు తడిసి ఆరిన కాగితాన్నైనా బాగుచేయగలరు గానీ ప్లాస్టిక్ అతికించినదాన్ని విడదీయడం కష్టం.

మా నాన్న తన అక్క కూతురినే చేసుకున్నారు. నాకు నాన్నమ్మ అయిన మనిషే అమ్మకు అమ్మమ్మ. యాప్‌లో ఆమెను రెండుసార్లు చేర్చాల్సి వస్తోంది. (పాఠకుడు, రామచంద్రపురం)

డెల్టాలో మేనరికం లేని వంశవృక్షం చూపించండి, బహుమతి ఇస్తాను. చేర్చాల్సింది కొత్త మనిషిని కాదు, ఇప్పటికే ఉన్న మనిషికే మరో బంధుత్వం. కంప్యూటర్‌లో గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. అందులో మనిషికి ఒకే నమోదు, కుటుంబాలు దానికి ముడిపడతాయి. పటంలో ఆమె రెండుచోట్ల కనిపించినా నమోదు ఒక్కటే. దత్తతను విడిగా గుర్తించవచ్చు, ఇంటిపేరు ముందు వచ్చేలా సెట్టింగుల్లో మార్చుకోవచ్చు.

తాతగారి మాసిన ఫొటోను ఏఐతో బాగుచేయించవచ్చా? (పాఠకురాలు, తణుకు)

గీతలు, మరకలు తీయించండి. ముఖం జోలికి మాత్రం పోనివ్వకండి. కన్ను చెరిగిపోయిన చోట అది ఎవరిదో కన్ను అతికిస్తుంది, పదేళ్ల తర్వాత మీ పిల్లలు అదే తాతగారనుకుంటారు. ముందుగా ఫొటోను రెండు వైపులా స్కాన్ చేయించండి, వెనక వైపు స్టూడియో ముద్ర ఉండవచ్చు.